భవన నిర్మాణ శాసనములు, కట్టడముల భద్రత – మడకశిర సీమ

భవన నిర్మాణ శాసనములు అనగా, ఒక స్థలమున ఏ ప్రయోజనము కొరకు, ఎంత ఎత్తున, ఎంత వైశాల్యమున, ఏ ద్రవ్యములతో, ఎవరి పర్యవేక్షణమున కట్టడము లేపవచ్చునో నిర్ణయించి, కట్టిన పిదప అది తన బరువును, తనలో వసించువారి బరువును, గాలివానల తాకిడిని, భూకంపనమును భరించి నిలుచునట్లు తగినవారిపై బాధ్యతలను మోపు చట్టములు, నియమావళులు, సాంకేతిక ప్రమాణముల సముదాయము. ఇల్లు కట్టుకొనుట సొంత ఆస్తిపై గల హక్కే యైనను, ఆ కప్పు క్రింద నిదురించు పిల్లలు, అద్దెకు దిగిన కుటుంబము, ప్రక్క ఇంటివారు, వీధిని పోవు బాటసారి, పరంజాపై నిలిచి పనిచేయు కూలివాడు – వీరిలో ఎవ్వరును ఆ గోడ బలమును తమకు తాముగా పరీక్షించి తెలిసికొనజాలరు. అట్టివారి పక్షమున ముందుగానే పరీక్షించి చూచుట ఈ శాసనముల ప్రథమ ధర్మము.

శ్రీ సత్యసాయి జిల్లా నైరుతి కొసను, మూడు వైపుల కర్ణాటక రాష్ట్రముచే ఆవరింపబడియున్న మడకశిర సీమ ఈ శాసనముల మంచిచెడ్డలను పరిశీలించుటకు మిక్కిలి అనువైన ప్రాంతము. 2022 ఏప్రిల్ 4వ తేదీన కొత్త జిల్లాలు ఏర్పడు వరకు ఇది అనంతపురము జిల్లాలో భాగముగా నుండెను. మడకశిర పట్టణము నగర పంచాయతీ. దాని చుట్టునుగల అమరాపురము, గుడిబండ, రొళ్ళ, అగళి మండలములలో గ్రామ పంచాయతీల పాలన సాగుచున్నది. కరవునకు పేరుపడిన ఈ పీఠభూమిలో నేల గట్టిది, కొండ దగ్గరిది, వాన అరుదైనది. కనుకనే ఇచ్చట కట్టిన ఇంటికి ముప్పు లేదను నమ్మకము జనులలో బలముగా నాటుకొనియున్నది. ఆ నమ్మకము ఎంతవరకు నిజము, శాసనము దానిని ఎట్లు సవరింపజూచుచున్నది అనునదియే ఈ వ్యాసమున ప్రధానముగా పరిశీలింపబడుచున్నది.

చారిత్రక పూర్వరంగము

కట్టడము కూలిన యెడల కట్టినవాడు జవాబుదారి యను సూత్రము మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తుపూర్వము పదునెనిమిదవ శతాబ్దినాటి బాబిలోను ప్రభువు హమ్మురాబి శాసనములలో, ఇల్లు కూలి యజమాని మరణించినచో కట్టిన వానికి మరణదండనమును, గోడ ఒరిగినచో వాడు తన సొంత వ్యయముతో దానిని బలపరుపవలెనను నియమమును కనబడుచున్నవి. మన దేశమున కౌటిల్యుని అర్థశాస్త్రము, ఇరుగుపొరుగు ఇండ్ల నడుమ విడువవలసిన ఎడమును, మురుగునీరు పోవు దారిని, పొరుగువారికి బాధ కలిగించు కట్టడములకు విధింపదగిన దండనమును విపులముగా చర్చించినది. నగరపాలనాధికారి విధులను చెప్పుచు, వేసవిలో అగ్నిభయము వలన ప్రతి గృహస్థుడును నీటికుండలను, నిచ్చెనను, గొడ్డలిని, కొక్కెమును సిద్ధముగా నుంచుకొనవలెనని శాసించినది. ఐరోపాలో 1666 నాటి లండను మహాగ్ని తరువాత 1667లో వెలువడిన పునర్నిర్మాణ చట్టము, వెలుపలి గోడలు ఇటుకతోగాని రాతితోగాని కట్టవలెనని నిర్ణయించి, ఆధునిక నిర్మాణ శాసనములకు మార్గదర్శక మైనది.

మడకశిర ప్రాంతమునకు కట్టడపు విద్య కొత్తది గాదు. అమరాపురము మండలములోని హేమావతి ఒకప్పుడు నొళంబ పల్లవులకు రాజధాని. అచ్చటి నల్లరాతి స్తంభముల నగిషీ నేటికిని శిల్పకళాభిజ్ఞులను ఆకర్షించుచున్నది. సమీపముననే హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో పదునారవ శతాబ్దిన వెలసిన వీరభద్రాలయము, కదలని శిలపై పునాది వేసికొనిన రాతి కట్టడము ఎన్ని శతాబ్దములు నిలువగలదో ప్రత్యక్షముగా చూపుచున్నది. అయినను ఆలయమును కట్టిన స్థపతికి గల శాస్త్రపరిజ్ఞానము, రాజు సమకూర్చిన ధనము సామాన్యుని ఇంటి గోడకు దక్కలేదు. పామరుని ఇంటికి భద్రత కల్పింపవలెనను ఆలోచన చట్టరూపము దాల్చుటకు మిక్కిలి కాలము పట్టినది.

బ్రిటిషు పాలనలో అనంతపురము జిల్లా 1882లో బళ్ళారి నుండి విడివడి మదరాసు రాజధానిలో ప్రత్యేక జిల్లా యైనది. ఆ సంవత్సరముననే వెలువడిన భారత అనుభోగ హక్కుల చట్టము, పొరుగువాని నేల తన నేలకు ఇచ్చు సహజమైన ఆనికను హక్కుగా గుర్తించినది. ఒకడు తన స్థలమున లోతుగా త్రవ్వి పొరుగువాని నేలను కుంగజేయరాదను నియమమునకు నేటికిని అదియే మూలము. 1920లో మదరాసు శాసనమండలి వరుసగా జిల్లా పురపాలక చట్టమును, పట్టణ ప్రణాళికా చట్టమును చేసి, పట్టణమున ఇల్లు కట్టువాడు ముందుగా పటమును దాఖలు చేసి అనుమతి పొందవలెనను పద్ధతిని స్థిరపరచినది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిదప, 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘముల చట్టము పాత పురపాలక చట్టము స్థానమును ఆక్రమించినది. 1920 నాటి పట్టణ ప్రణాళికా చట్టము మాత్రము పలు సవరణలతో కొనసాగినది.

రాజ్యాంగము, రాష్ట్ర శాసనములు

భారత రాజ్యాంగమున స్థానిక పాలనయు, భూమియు రాష్ట్రముల జాబితాలోని విషయములు గనుక, దేశమంతటికిని వర్తించు ఏకైక భవన నిర్మాణ చట్టము లేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పన్నెండవ అనుబంధమున పట్టణ ప్రణాళిక మొదటి అంశముగాను, భూవినియోగమును భవన నిర్మాణమును నియంత్రించుట రెండవ అంశముగాను పేర్కొనబడి, ఈ అధికారము పట్టణ సంస్థలకు చెందదగినదను ఆశయము స్పష్టము చేయబడినది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ అధికారము మూడు పాయలుగా ప్రవహించుచున్నది: పట్టణములలో 1965 నాటి పురపాలక చట్టము, గ్రామములలో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, దాని క్రింద 2002లో వెలువడిన గ్రామ పంచాయతీ భూమి అభివృద్ధి నియమములు, విశాల ప్రాంతముల ప్రణాళిక విషయమున 2016 నాటి మహానగర ప్రాంత, పట్టణాభివృద్ధి సంస్థల చట్టము.

కట్టడముల వివరములను నియంత్రించు ముఖ్య పత్రము 2017 మార్చిలో వెలువడిన ఆంధ్రప్రదేశ్ భవన నియమావళి. అంతకుముందు 2012లో వెలువడిన నియమావళికి ఇది సంస్కరణ రూపము. స్థలవిస్తీర్ణమును, ఎదుటి రోడ్డు వెడల్పును, కట్టడపు ఎత్తును బట్టి నాలుగు వైపుల విడువవలసిన ఖాళీలు, వాహనముల నిలుపుదలకు కేటాయింపవలసిన చోటు, ఇంకుడు గుంతలు, మెట్లు, గాలి వెలుతురుల కొలతలు ఇందు నిర్ణయింపబడినవి. 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తుగల కట్టడములు ఉన్నత భవనములుగా గణింపబడి ప్రత్యేక నియమములకు లోబడును. చెరువుల విషయమున నియమావళి మిక్కిలి స్పష్టముగా నున్నది: పూర్తి నీటిమట్టపు హద్దు లోపల కట్టడము నిషిద్ధము; 10 హెక్టార్లకు తగ్గని చెరువునకు ఆ హద్దు నుండి 30 మీటర్లు, అంతకన్న చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా విడువవలెను.

ఈ చివరి నియమము మడకశిర వంటి సీమలో విశేష ప్రాధాన్యము గలది. ఏటేట నిండని చెరువు కొంతకాలమునకు జనుల దృష్టిలో చెరువుగా నుండుట మానివేయును. పలుమార్లు ఎండిన గర్భమున, వంకల అంచున ఇండ్లు వెలయును. అట్టి నేల మెత్తని ఒండ్రుమట్టితో నిండియుండుటచే, పదియేండ్ల కొకసారి గట్టి వాన కురిసి నీరు తన పూర్వస్థానమునకు మరలినప్పుడు పునాదులు కుంగును. కరవు నేలలో వరదను గూర్చిన నియమము అనవసరమని తోచుట సహజమే గాని, కట్టడమునకు ముప్పు సగటు వర్షపాతము వలన రాదు, అరుదుగా వచ్చు అతివృష్టి వలన వచ్చును.

అనుమతి విధానము

పట్టణమున ఇల్లు కట్టదలచినవాడు లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణునిచే పటమును గీయించి, భూమిపై తన హక్కును నిరూపించు పత్రములతో, రుసుముతో కలిపి దరఖాస్తు చేసికొనవలెను. ఇప్పుడు ఈ తంతు యావత్తును ఆన్‌లైను ద్వారా జరుగుచున్నది. 2019 అక్టోబరులో ఏర్పడిన వార్డు సచివాలయములలో ప్రణాళికా నియంత్రణ కార్యదర్శియు, గ్రామ సచివాలయములలో ఇంజనీరింగు సహాయకుడును నియమితులగుటచే, పూర్వము దూరమున నుండిన అధికారి వీధిలోనికి వచ్చినాడని చెప్పవచ్చును. చిన్న స్థలములలో తక్కువ ఎత్తున కట్టు ఇండ్లకు స్వీయ ధ్రువీకరణమున సత్వర అనుమతి లభించు మార్గము తెరువబడినది. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టము ఈ మార్గమును ముందుగా విస్తృతపరచి, 75 చదరపు గజముల వరకు నమోదు మాత్రము చాలుననియు, 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణము చాలుననియు నిర్ణయించినది.

అనుమతి పత్రము ప్రయాణమునకు ఆరంభమే గాని గమ్యము గాదు. పని పూర్తియైన పిమ్మట పటము ప్రకారము కట్టబడినదని అధికారి తృప్తిచెంది ఇచ్చు నివాసయోగ్యతా పత్రమే కట్టడమునకు చట్టరీత్యా పూర్ణత్వమును ప్రసాదించును. పెద్ద కట్టడముల యజమాని నిర్మిత వైశాల్యములో పదవ వంతును ముందుగా స్థానిక సంస్థకు తాకట్టు పెట్టవలెనను నియమము ఈ పత్రము కొరకే ఏర్పడినది. అతిక్రమణ లేకుండ ముగించినవానికి అది తిరిగి దక్కును. 2024 డిసెంబరు 17వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఒక ఉత్తరప్రదేశ్ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, మంజూరైన పటమును పని జరుగు చోట ప్రదర్శింపవలెననియు, నివాసయోగ్యతా పత్రము చూచిన పిదపనే నీరు, విద్యుత్తు మొదలగు సదుపాయములు కల్పింపవలెననియు, బ్యాంకులును ఆ పత్రమును పరిశీలించి అప్పులీయవలెననియు ఆదేశించినది. చిన్న పట్టణములలో పటము అటకపైనను, కట్టడము మేస్త్రీ నోటిమాటపైనను నిలుచు అలవాటు గలదు గనుక, ఈ ఆదేశము మహానగరములకన్న వానికే ఎక్కువగా వర్తింపవలసియున్నది.

బలమును నిర్ణయించు ప్రమాణములు

పైన చెప్పిన నియమములలో అధిక భాగము కట్టడపు కొలతలకు సంబంధించినవి. బలమునకు సంబంధించిన శాస్త్రము భారతీయ ప్రమాణముల సంస్థ ప్రకటించిన ప్రమాణ పత్రములలో నున్నది. జాతీయ భవన సంహిత మొదట 1970లో వెలువడి, 1983, 2005, 2016 సంవత్సరములలో సంస్కరింపబడినది. ఇది స్వయముగా చట్టము గాదు. రాష్ట్ర నియమావళులు దానిని ప్రమాణముగా స్వీకరించినప్పుడే దానికి శాసనబలము చేకూరును. కుంభకోణములో 2004లో పాఠశాల అగ్నికి ఆహుతియై 94 మంది పిల్లలు మరణించిన ఉదంతమును పురస్కరించుకొని, 2009లో సర్వోన్నత న్యాయస్థానము పాఠశాల భవనములన్నియు ఈ సంహితలోని భద్రతా విధులను పాటింపవలెనని ఆదేశించుట ఇందుకు నిదర్శనము.

ప్రమాణముల సంస్థ పత్రములలో కాంక్రీటు పనికి ఐ.ఎస్. 456, బరువుల లెక్కకు ఐ.ఎస్. 875, భూకంప నిరోధమునకు ఐ.ఎస్. 1893 ముఖ్యమైనవి. నివాస గృహపు అంతస్తు, దాని సొంత బరువు గాక, ప్రతి చదరపు మీటరునకు సుమారు 200 కిలోగ్రాముల వాడుక బరువును భరింపగలుగవలెను. ఉక్కుతో కూడిన కాంక్రీటు 28 దినముల వయస్సున ప్రతి చదరపు మిల్లీమీటరునకు 20 న్యూటన్లకు తగ్గని బలమును పొందవలెను. సెంట్రింగు తీయుటకును కాలనియమము గలదు: సామాన్య సిమెంటుతో పోసిన స్లాబు 4.5 మీటర్లకు మించని వెడల్పును దాటునప్పుడు ఆధారపు కర్రలు 7 దినములు, అంతకు మించినచో 14 దినములు ఉండవలెను. దూలముల క్రింద 6 మీటర్ల వరకు 14 దినములు, ఆపైన 21 దినములు. అద్దె సెంట్రింగు సామగ్రిని త్వరగా వదిలించుకొనవలెనను తొందరలో ఈ గడువులను కుదించుట పల్లెపట్టుల సాధారణముగా జరుగు అతిక్రమణ. ఇది ఏ పటమునందును కనబడదు, ఏ తనిఖీ పత్రమునకును అందదు.

భూకంపముల విషయమున దేశమును మండలములుగా విభజించిన పటములో, 2002, 2016 ప్రతుల ప్రకారము, అనంతపురము సీమ అన్నింటికన్న తక్కువ ముప్పుగల రెండవ మండలమున నున్నది. అయితే 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున భూమి కంపించి వేలకొలది జనులు మరణించినప్పుడు, ఆ ప్రాంతము నాటి పటములో దీనికన్నను తక్కువదైన మొదటి మండలమున నుండెను. అక్కడి ఇండ్లు మట్టి అడుసుతో పేర్చిన రాతిగోడలును, కట్టె దూలములపై మందముగా పరచిన మట్టికప్పును గలవి. మృతులలో అత్యధికులు ఆ గోడల క్రిందను, కప్పుల క్రిందను నలిగినవారే. ఆ తరువాతి సంస్కరణమున మొదటి మండలమే తొలగింపబడి రెండవదానిలో కలుపబడినది. దక్కను పీఠభూమిలో ముప్పులేని చోటు లేదను గుణపాఠమును శాసనము ఆ విధముగా అంగీకరించినది.

మిద్దెలు, రాతి ఇండ్లు

మడకశిర సీమ పల్లెలలో తరతరములుగా కట్టబడుచున్న మట్టిమిద్దెకు, లాతూరు ఇంటికి గల పోలిక ఇట గమనింపదగినది. అడుసు పెట్టి పేర్చిన రాతిగోడలపై దూలములు, వానిపై దంతెలు, ఆపైన బండలో కట్టె తునకలో పరచి, మట్టి కొట్టి, వాన నీరు దిగకుండ పైన చౌడుమన్ను వేయుట ఈ మిద్దె పద్ధతి. వేసవిలో చల్లగా నుండుట, స్థానిక ద్రవ్యముతో స్వల్ప వ్యయమున సిద్ధించుట దీని సుగుణములు. కాని ఏటేట పాత మన్నుపై కొత్త చౌడు వేయుటచే కప్పు బరువు పెరుగుచునే యుండును. ఘనమీటరునకు సుమారు 1,600 కిలోగ్రాములు తూగు మట్టి ఒక అడుగు మందమున నున్నచో, చదరపు మీటరునకు ఐదు క్వింటాళ్ళకు దగ్గర బరువగును. వాన నీటిని పీల్చిన నాడు అది ఇంకను హెచ్చును. చెదలు పట్టిన దూలము, నానిన గోడ అడుసు ఆ బరువును తాళలేక, ముసురు పట్టిన రాత్రులలో మిద్దె కూలుట రాయలసీమ యందు పలుమార్లు వినవచ్చు విషాదము.

రాతి కూసములు నిలిపి, బండలనే గోడలుగాను కప్పుగాను అమర్చిన ఇండ్లు మరియొక రీతి. రాయి నలుగుటకు చాల బలమును ఓర్చును గాని వంగుటకు ఓర్వదు. కనుక కప్పు బండ నడుమ సన్నని చీలికయైనను ముందుగా హెచ్చరింపకయే విరుగును. ఇట్టి కట్టడములకు శాస్త్రీయ మార్గము లేకపోలేదు. 1993లోనే ప్రమాణముల సంస్థ మట్టి ఇండ్లకు ఐ.ఎస్. 13827ను, అల్పబలము గల రాతి కట్టుబడికి ఐ.ఎస్. 13828ను ప్రకటించినది. రాతిగోడలో ఈ ముఖము నుండి ఆ ముఖము దాక సాగు పొడవు రాళ్ళను, ప్రతి 600 మిల్లీమీటర్ల ఎత్తునకు, అడ్డముగా 1.2 మీటర్లకు మించని ఎడముతో ఉంచవలెననియు, గుమ్మముల పైమట్టమున గోడల చుట్టును ఎడతెగని పట్టీ నొకదానిని పోయవలెననియు చెప్పు ఈ విధులు, ఇంజనీరు లేకయే ఊరి మేస్త్రీ ఆచరింపదగినవి. అయినను ఇవి ఇంగ్లీషు పుస్తకములలో నుండిపోయి, మేస్త్రీ చేతికి తెలుగున చేరలేదు.

నీరు, ఇసుక, ఉక్కు

కరవు సీమలో కట్టడపు బలమునకు అన్నిటికన్న నిశ్శబ్దముగా హాని చేయునది నీరు. ఐ.ఎస్. 456 ప్రకారము, ఉక్కుతో కూడిన కాంక్రీటులో కలుపు నీటియందు లీటరునకు 500 మిల్లీగ్రాములకు మించిన క్లోరైడులు ఉండరాదు. సల్ఫేటులు 400 మిల్లీగ్రాములకు మించరాదు. భూగర్భజలము ఏటేట క్రిందికి దిగుచున్నకొలది లోతైన బోరులలో నీరు లవణభూయిష్ఠమై వచ్చుట ఈ ప్రాంతమున సామాన్యము. అట్టి నీటితో పోసిన స్లాబు మొదటి సంవత్సరములలో ఏ దోషమును చూపదు. క్లోరైడు లోనికి చొచ్చి ఉక్కునకు త్రుప్పు పట్టించును. త్రుప్పు ఉక్కుకన్న ఎక్కువ చోటును ఆక్రమించుటచే కాంక్రీటు పొర పగిలి ఊడును. మరియొక వైపు నీటికొరతచే, పోసిన కాంక్రీటునకు నీళ్ళు పెట్టు దినములు తగ్గిపోవును. ప్రమాణము సామాన్య సిమెంటునకు కనీసము 7 దినములు, బూడిద మొదలగునవి కలిపిన సిమెంటునకు, ఎండ వేడిమి గల వాతావరణమునకు 10 దినములు తేమ నుంచవలెనని నిర్దేశించుచున్నది. ట్యాంకరు నీటికి ధర చెల్లింపలేని గృహస్థు గోనెపట్టలనో గడ్డినో పరచి తడిని నిలుపుకొనుట, మడులు కట్టి నీరు నిలుపుట ఇచ్చట చట్టపాలనకు సమానమైన కార్యములు.

నదీ ఇసుక అరుదగుటయు, దాని తవ్వకమును 2002 నాటి జల, భూమి, వృక్షముల చట్టము నియంత్రించుటయు వలన రాతిని పొడిచేసి తీసిన ఇసుక వాడుకలోనికి వచ్చినది. 2016లో సంస్కరింపబడిన ఐ.ఎస్. 383 దానిని అంగీకరించి, అందులో అతిసూక్ష్మ ధూళి ఎంతవరకు ఉండవచ్చునో నిర్ణయించినది. క్రషరు వద్ద దొరకు రాతిపొడి యెల్లయు ఇసుక గాదను భేదము గుర్తింపబడవలెను. సిమెంటునకు, కట్టడపు ఉక్కునకు ప్రమాణముల సంస్థ ముద్ర తప్పనిసరి. అది లేని సరకును అమ్ముట నేరము.

అగ్ని, శ్రామికులు, కొనుగోలుదారులు

1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టము క్రింద ఎత్తైన నివాస భవనములు, వాణిజ్య భవనములు, కల్యాణమండపములు, సినిమాహాళ్ళు వంటి జనసమ్మర్ద స్థలములు అగ్నిమాపక శాఖ అంగీకారము పొందవలెను. మడకశిర వంటి పట్టణమున ఆకాశహర్మ్యములు లేకపోయినను, ఇరుకు వీధులలోని కల్యాణమండపములకును, ప్రైవేటు పాఠశాలలకును ఈ నియమము ప్రాణప్రదమైనది.

పని జరుగుచుండగా గాయపడు శ్రామికుని కొరకు 1996లో పార్లమెంటు భవన, ఇతర నిర్మాణ శ్రామికుల చట్టమును చేసి, కట్టడపు వ్యయముపై సుంకము వసూలుచేసి సంక్షేమనిధిని ఏర్పరచినది. ఈ విధులు 2020 నాటి కార్మిక స్మృతులలో విలీనము చేయబడినవి. 2014 జూన్ 28వ తేదీన చెన్నై నగర శివారున మౌలివాక్కమున నిర్మాణములోనున్న పదునొకండు అంతస్తుల భవనము కూలి 61 మంది మరణించినప్పుడు, వారిలో పెక్కురు పొట్టకూటికై తరలివెళ్ళిన శ్రీకాకుళ, విజయనగర జిల్లాల తెలుగు కూలీలు. 2016 డిసెంబరు 8వ తేదీన హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో కూలిన ఏడంతస్తుల కట్టడములోను ప్రాణములు కోల్పోయినవారిలో పలువురు వలస కూలివారే. కరవు వెంటాడగా బెంగుళూరునకు తట్ట మోయుటకు పోవు మడకశిర యువకులకు ఈ ఉదంతములు పరాయివి గావు.

ఇల్లు కొనువారిని రక్షించుటకు 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము మిక్కిలి విలువైన హక్కు నిచ్చినది: ఇల్లు స్వాధీనమైన తేదీ నుండి ఐదు సంవత్సరములలో కట్టడపు బలమునకు సంబంధించిన లోపము బయటపడినచో, కట్టినవాడు 30 దినములలో తన వ్యయముతో దానిని సవరింపవలెను. ఎనిమిదికి మించిన ఇండ్లుగాని, 500 చదరపు మీటర్లకు మించిన స్థలముగాని గల పథకములకే ఈ చట్టమున నమోదు విధి గలదు; మేస్త్రీకి గుత్తకిచ్చి సొంత ఇల్లు కట్టించుకొను సామాన్యుడు దీని వెలుపల నిలిచి, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమును ఆశ్రయింపవలసినవాడగుచున్నాడు.

బాధ్యత, దండన

అనుమతి లేకయో, అనుమతికి విరుద్ధముగనో సాగు పనిని ఆపించుటకు, సవరింపజేయుటకు, తుదకు కూల్చివేయుటకు పురపాలక సంస్థకు అధికారము గలదు. అయితే 2024 నవంబరు 13వ తేదీ తీర్పున సర్వోన్నత న్యాయస్థానము, కనీసము పదునైదు దినముల వ్యవధితో నోటీసు ఈయకయు, యజమాని వాదమును వినకయు కూల్చుట చెల్లదని స్పష్టము చేసినది. భద్రత పేరిట న్యాయప్రక్రియను త్రోసివేయుటకు వీలు లేదు. కూల్చుచునో, మరమ్మతు చేయుచునో, కట్టుచునో అజాగ్రత్తచే పరుల ప్రాణమునకు అపాయము కలిగించువానిని భారతీయ న్యాయ సంహిత 290వ విభాగమున శిక్షింపవచ్చును. అజాగ్రత్త మరణమునకే దారితీసినచో 106వ విభాగము క్రింద ఐదేండ్ల వరకు కారాగారము విధింపవచ్చును. పూర్వపు శిక్షాస్మృతిలో ఇది రెండేండ్లే.

పౌరన్యాయమున ఇంకను కఠినమైన సూత్రము నిలిచియున్నది. ఢిల్లీ చాందినీచౌకులో పురపాలక సంస్థకు చెందిన గడియారపు గోపురము కూలి జనులు మరణించిన వ్యాజ్యమున, 1966లో సర్వోన్నత న్యాయస్థానము, రాజమార్గమున నున్న కట్టడపు యజమాని లోపము కంటికి కనబడకపోయినను దానిని పరీక్షించి కాపాడుకొను బాధ్యత నుండి తప్పించుకొనజాలడని తీర్పు చెప్పినది. కట్టినవానికే గాక కట్టడమును కలిగియున్నవానికిని బాధ్యత నిత్యమని దీని తాత్పర్యము.

లోపములు, కర్తవ్యము

2021 నవంబరులో అనంతపురము జిల్లా అంతటను అసాధారణమైన వానలు కురిసి చిత్రావతి మొదలగు నదులు పొంగినప్పుడు, అదే జిల్లాలోని కదిరి పట్టణమున బహుళాంతస్తుల కట్టడము కూలి, ప్రక్క ఇండ్లలో నిదురించుచున్న పిల్లలతో సహా పలువురు మరణించిరి. శాసనమునకు లోనైన కొత్త కట్టడము పొరుగువాని కప్పుపై పడుట, గట్టి నేలయు స్వల్ప వర్షమును రక్షణ కాజాలవనుటకు ఈ సీమలోనే లభించిన సాక్ష్యము.

ప్రస్తుత వ్యవస్థలోని లోపములు మూడు విధములని చెప్పవచ్చును. మొదటిది, శాసనము కొలతలను చూచినంత శ్రద్ధగా బలమును చూచుట లేదు: ప్రక్కఖాళీ ఒక అడుగు తగ్గినచో ఫిర్యాదు చేయువాడు పొరుగుననే యుండును, స్తంభములో ఉక్కు తగ్గినచో అడుగువాడు లేడు. రెండవది, 2007 నుండి పలుమార్లు ప్రకటింపబడిన క్రమబద్ధీకరణ పథకములు రుసుము చెల్లించినవాని అతిక్రమణను మన్నించుచున్నవి; రుసుము ఖజానాను నింపునే గాని బలహీనమైన పునాదిపై అదనముగా లేపిన అంతస్తునకు బలమును చేకూర్చజాలదు గనుక, నిర్మాణ నిపుణుని పరీక్ష లేనిదే ఏ కట్టడమును క్రమబద్ధము చేయరాదు. మూడవది, శాసనము పుట్టుచున్న కట్టడమునే ఎరుగును. వయస్సు మీరిన మిద్దెను, చీలిన బండకప్పును, ఒకనాడు ఒక్క అంతస్తునకై వేసిన పునాదిపై కాలక్రమమున మోపబడిన రెండవ, మూడవ అంతస్తులను అది ఎరుగదు. శిథిల భవనమును ఖాళీ చేయించు అధికారము పురపాలక సంస్థలకు ఉన్నను, అది ప్రమాదము జరిగిన పిదపనే ఎక్కువగా స్మరింపబడుచున్నది.

వీనికి ప్రతివిధానములు కొత్త చట్టములను కోరునవి గావు. ప్రతి వర్షాకాలమునకు ముందు సచివాలయ ఉద్యోగులు తమ పరిధిలోని మిద్దెలను, పాత పాఠశాలలను, ప్రహరీలను చూచి జాబితా వ్రాయుట. మట్టి, రాతి ఇండ్లకు సంబంధించిన ప్రమాణములను బొమ్మలతో తెలుగున, సరిహద్దు గ్రామములలో కన్నడమునను అచ్చువేసి మేస్త్రీలకు పంచుట. కర్ణాటకలోని శిర, మధుగిరి పట్టణములకును హిందూపురమునకును నడుమ తిరుగు మేస్త్రీలకు ఐ.టి.ఐ.లలో స్వల్పకాల శిక్షణ నిచ్చి గుర్తింపు కార్డులు జారీచేయుట. ప్రభుత్వ గృహపథకములలో బిల్లు చెల్లించుటకు ముందు పునాది, పట్టీ, స్లాబు దశలలో కొలతలనే గాక ఇనుపకడ్డీల అమరికను కూడ చూచుట – ఇవి ఇప్పుడున్న అధికారములతోనే సాధ్యములు. మిద్దెపై చౌడు పెంచుటకు బదులు పాత మన్నును దింపి తేలికపరచుట, కప్పు క్రింద దూలములకు ఏటేట చెదలు చూచుకొనుట గృహస్థుడే చేసికొనగల పనులు.

గృహమును కాపాడునది శాసనపు అక్షరము గాదు, ఆ అక్షరమును మేస్త్రీ చేతికి, ఉద్యోగి కంటికి, గృహస్థు బుద్ధికి అందజేయు నిరంతర యత్నము. నేల గట్టిదని నమ్మి నిర్లక్ష్యము చేయు సీమలలోనే ఆ యత్నము ముందుగా జరుగవలెను; ఏలయన ప్రమాదము అరుదైన చోట అభ్యాసము నశించును, అభ్యాసము నశించిన చోట అరుదైన ప్రమాదమే మహావిపత్తుగా పరిణమించును.